మస్తానమ్మా, మస్తాన్‌బీ ఒకరేనని

18 జనవరి 1991
ఆయన వచ్చేశారు. ఆయన పనిచేసే సరిహద్దు ఊరు ఖఫ్జీ నుంచి ఇక్కడ ఖోబర్‌కు మూడు గంటల దారి, యుద్ధంతో తొమ్మిది గంటలు పట్టిందట. పికప్ వెనక పదకొండు మంది, నిలబడే. చేతిలో ఒక్క సంచీ. తలుపు తీస్తే "టీ పెట్టు మే" అన్నారు, అంతే. టీ తెచ్చేసరికి గోడకు ఆనుకుని నిద్ర.
నా మొగుడు బతికి వచ్చాడు. ఈ రోజుకు ఇది చాలు.

23 జనవరి
సైరన్. బాత్రూంలో ఇద్దరం, తలుపు సందులో తడి తువాలు. మొహానికి గ్యాస్ ముసుగు వేసుకుని కూడా ఆయనది ఒకటే మాట — "పంపు విప్పి పెట్టినా మే. బోల్టులన్నీ కింద పర్చి వచ్చినా." నెత్తిన బాంబులు ఎగురుతుంటే ఈయనకు కంపెనీ పంపు బెంగ.

28 ఫిబ్రవరి
అయిపోయింది! మల్లేశం పరుగెత్తుకొచ్చి చెప్పాడు. జగిత్యాల మనిషి, ఆయన వర్క్‌షాపులోనే వెల్డరు, ఆ పికప్‌లో ఆయన పక్కనే నిలబడి వచ్చాడు. "అక్కా, లడాయి ఖతం! ఇగ బతికినం!" కిటికీ అద్దాల మీది టేపు పీకేశాను. జిగురు మరకలు పోలేదు. పోకపోతే పోనీ.

5 మార్చి
కువైట్‌లో తగలబడుతున్న బావుల మసి ఇక్కడిదాకా వస్తోంది. ఆరేసిన చీరల నిండా నల్ల చుక్కలు. మళ్లీ ఉతికాను. విసుగే రాలేదు.

9 మార్చి
కఫీల్, అదే ఆయన్ను ఈ దేశానికి తెప్పించుకున్న యజమాని, పిలిపించి చెప్పాడు — వర్క్‌షాపు కాలిపోయింది, ఇక తెరవను. ఆయన ఇఖామా, ఇక్కడ ఉండే అనుమతి, ఏప్రిల్ ఆఖరుదాకానే. ఆ తర్వాత ఖురూజ్... ముద్ర వేసి దేశానికి పంపించేయడమే. ఆయన వీసా మీద వచ్చినదాన్ని. ఆయన వెంటే నేనూ.
మల్లేశానికి దేశానికి ఆ చివర తాయిఫ్‌లో, తోటల్లో ఏదో పని దొరికిందట, వెళ్లిపోయాడు.
"పోతే పోదాం లే" అన్నారు ఈయన. మన ఊరు ప్రొద్దుటూరులో ఏం చేస్తారని నేను అడగలేదు.

12 మార్చి
పై అంతస్తు నాదియా మేడం మా తలుపు తట్టింది. రెండేళ్లుగా ఆమె కూతుళ్లకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్తున్నాను, ఆమె మా గడప తొక్కడం ఇదే మొదలు. జోర్డాన్ ఆమె, మా పేట అజీజియాలోనే ఆడపిల్లల బడికి ప్రిన్సిపాల్. ఇంగ్లీషు టీచర్లు జనవరిలోనే ఇంగ్లండు వెళ్లిపోయారట, మళ్లీ రామని రాశారట.
"నీకు డిగ్రీ ఉందా?"
బీఏ, బీఈడీ. పైగా ముద్రలతో సహా. నేను ఇక్కడికి వచ్చేముందు తమ్ముడు ఢిల్లీ పోయి సౌదీ ఎంబసీలో వేయించుకొచ్చాడు. అప్పుడు తిట్టాను, ఎందుకురా వంటింట్లో కూర్చునేదానికి అని. పెట్టె అడుగు నుంచి తీసి చూపించాను.

14 మార్చి
బడి తరఫున ఆఫీసులన్నీ తిరిగే ఉస్మాన్ వచ్చాడు. సూడాన్ ఆయన, నెరిసిన గడ్డం, ఉర్దూ బాగా మాట్లాడతాడు. డిగ్రీకి అరబీ తర్జుమా కావాలి. రక్తపరీక్ష. కఫీల్ మమ్మల్ని వదులుతున్నట్టు ఉత్తరం. ఇంకా... "మహ్రమ్ కౌన్?" ఆడ టీచరుకు వీసా ఇవ్వాలంటే వెంట ఇంటి మగమనిషి ఉన్నట్టు ఫైలులో చూపించాలి. నా భర్త అన్నాను. అయితే ఆయన నీ ఫైలులోకి వస్తాడు, కానీ పని చేయడానికి లేదు అన్నాడు.
అన్నం దగ్గర చెప్పాను. ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నారు.
"అంటే నేను నీ వీసా మింద ఉండల్లా?"
"ఊఁ."
"పప్పులో ఉప్పు తక్కువైంది."

15 మార్చి
ఉప్పు సరిగ్గానే వేశాను.

16 మార్చి
పొద్దున ఆయనే — "ఫోటోలు ఎన్ని గావల్లంట?"
దేవుడా.

31 మార్చి
ఫైలు తిప్పి పంపారు.
నా పేరుతో తంటా ఉంటుందని ముందే తెలుసు. డిగ్రీలో డి. మస్తానమ్మ. దూదేకుల ముస్లింలం, మా ఇళ్లలో ఆడవాళ్లం అందరం పేరు చివర అమ్మలమే. పాస్‌పోర్టులో మస్తాన్‌బీ. "మస్తానమ్మ అంటే ఆడికి పోతే హిందువనుకుంటారమ్మా" అని ఏజెంటు అలా రాయించాడు. ఇంతవరకు సర్దిచెప్పుకోవచ్చు. కానీ తర్జుమా చేసినవాడు, కోయా అనే టైపిస్టు, మలయాళీ! అమ్మ అంటే అమ్మే కదా అని, అరబీలో 'ఉమ్ మస్తాన్' అని టైపు కొట్టాడు. మస్తాన్ తల్లి.
విద్యాశాఖ ఆఫీసరు ఉస్మాన్‌ను అడిగాడట — డిగ్రీ తల్లిది. దరఖాస్తు పెట్టింది కూతురు. కూతురి డిగ్రీ ఏదీ?
పెళ్లయి తొమ్మిదేళ్లు. పిల్లల కోసం ఎన్ని దర్గాలు తిప్పారో. చివరికి ఖోబర్‌లో ఒక టైపిస్టు నన్ను తల్లిని చేశాడు. నవ్వాను. ఆ తర్వాత కాసేపు నవ్వలేదు.

2 ఏప్రిల్
కోయా దగ్గరికి ఇద్దరం. ఆయన గట్టిగా అరుస్తారేమోనని భయపడ్డాను. కోయా బిక్కమొహం — "చేచీ, అక్కా, మా ఊళ్లో అమ్మ అంటే అమ్మే." ఆయన అతని భుజం తట్టారు. "మా ఊళ్లోనూ అంతే లేప్పా. కానీ ఈమె పేరది."
మళ్లీ టైపు కొట్టి ఇచ్చాడు. అయినా ఆఫీసుకు అది చాలదట. రెండు పేర్లూ ఒకరివేనని ఇండియన్ ఎంబసీ రాసివ్వాలి. రియాద్ పోవాలి.
ఆయన ఇఖామాకు ఇంకా ఇరవై ఎనిమిది రోజులు.

6 ఏప్రిల్
రియాద్. ఉపవాసంతో నాలుగు గంటలు బస్సు. వరుస గేటు బయటిదాకా — అందరివీ యుద్ధంలో చిక్కుకున్న కాగితాలే. ఒకరి పాస్‌పోర్టు కాలిపోయింది, ఒకరి కఫీల్ జాడ లేదు. నాది మరీ చిన్న కష్టం, ఒక్క 'అమ్మ'.
ఆఫీసరు ఉత్తరాది మనిషి. సాక్షి కావాలన్నాడు. ఆయన ముందుకు జరిగారు.
"ఇంట్లో ఈమెను ఏమని పిలుస్తావు? మస్తానమ్మా, మస్తాన్‌బీనా?" హిందీలో.
ఆయన నీళ్లు నమిలారు. "కుచ్ నహీ సాబ్... 'మే' బోల్తా హూఁ."
"మైఁ? 'నేను' అనా? నిన్ను నువ్వే పిలుచుకుంటావా?"
వరుసలో ఎవరో కడపవాడు పక్కున నవ్వాడు. "మా సీమలో అంతే సార్, పెండ్లాన్ని ఎవురూ పేరు పెట్టి పిలవరు!" అని అతనే హిందీలో విడమరిచి చెప్పాడు. ఆఫీసరు కూడా నవ్వేశాడు. సంతకం పెట్టాడు. ముద్ర.
మస్తానమ్మా మస్తాన్‌బీ ఒకరే. భారత ప్రభుత్వం చెప్పింది.
తిరుగు బస్సులో ఖర్జూరంతో రోజా విడిచాం. కిటికీ వైపు చూస్తూ ఆయన, చాలా మెల్లగా — "మస్తానమ్మా." ఒక్కసారే. నేను వినపడనట్టు కూర్చున్నాను.

11 ఏప్రిల్
మమ్మల్ని వదులుతున్నట్టు కఫీల్ ఉత్తరం ఇచ్చాడు. మంచివాడే పాపం, అతనిదీ అంతా పోయింది కదా.

16 ఏప్రిల్
రంజాన్ పండుగ. సేమ్యా. నాదియా మేడం పైనుంచి పళ్లెం పంపింది. ఫైలు ఆఫీసులో, ఆఫీసుకు సెలవులు.

24 ఏప్రిల్
ఉస్మాన్ రాలేదు.

25 ఏప్రిల్
గురువారం. ఇక్కడ వారం సెలవు. ఆయన ఎందుకైనా మంచిదని అటక మీది పెట్టెలు దించి, దులిపి, మళ్లీ పైన పెట్టారు. నేను చూశానని ఆయనకు తెలియదు.

28 ఏప్రిల్
ఉస్మాన్ మెట్లెక్కుతూనే "ముబారక్! ముబారక్!" అని అరుస్తున్నాడు. కొత్త ఇఖామా. నా ఫోటో. నా పేరు. వృత్తి — ముదర్రిసా. టీచరమ్మ.
ఆయన ఇఖామా కూడా. అరబీలో ఏం రాసి ఉందని ఆయన అడగలేదు. ఉస్మానే చదివి చెప్పాడు: మహ్రమ్, పనికి అనుమతి లేదు.
ఇద్దరినీ కూర్చోబెట్టి టీ ఇచ్చాను. వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. మంచి ఏడుపు. తల తేలికైంది.

4 మే
మొదటి రోజు. నాలుగో తరగతి, ఇరవై ఆరు మంది. నల్ల బల్ల మీద నా పేరు రాయబోతే చాక్‌పీసు ఒక్క క్షణం ఆగింది. Mastanamma అని రాశాను. ఎవరూ ఏమీ అడగలేదు. మూడు సార్లు గట్టిగా పలికించాను.

5 మే
గొంతు పోయింది. ఆయన మిరియాల కషాయం కాచి పెట్టారు. ఘాటు! తాగేశాను.

21 మే
బడి నుంచి వచ్చేసరికి ఆయన మేడ మీద నీళ్ల మోటారు విప్పి కూర్చున్నారు. చుట్టూ బిల్డింగ్ వాళ్లు. పనికి అనుమతి లేదు కదా — ఎవరైనా చూస్తే?
"ఇది పని కాదు మే. చూస్తాంటే చెయ్యి ఊరుకోదు."
అందరి కొళాయిల్లో నీళ్లొచ్చాయి. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. రాత్రి అన్నం రెండోసారి పెట్టించుకున్నారు. ఎన్నాళ్లకో.

9 జూన్
పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. వచ్చే ఏడాది కూడా నేనేనని నాదియా మేడం ఇవాళ చెప్పింది.

12 జూన్
తాయిఫ్ నుంచి మల్లేశం, ఫోనులో. పై అంతస్తుకు పరుగెత్తి మాట్లాడాం. "అన్నా, ఈడ తోటల నిండ పంపులే. మా కఫీల్ మంచోడు, నీకు వీసా ఇస్త అంటుండు. సల్లగ ఉంటది, కొండ మీది ఊరు. రా అన్నా."
ఆయన మొహంలో వెలుగు. నేనే చూశాను.
ఉస్మాన్‌ను అడిగాం. ఈయన తాయిఫ్ పోవచ్చునట. కానీ ఆయన సొంత వీసా మీదికి పోతే నా ఫైలులో మహ్రమ్ ఉండడు. మహ్రమ్ లేకపోతే నా ఇఖామా ఉండదు. తాయిఫ్‌లో నాకు బడి దొరుకుతుందా అంటే — "అల్లాకు తెలుసు."

13 జూన్
ఇక్కడే ఉన్నాం, ఇద్దరం, ఒక కప్పు కింద. జనవరిలో ఇంతకన్నా ఏం కోరుకున్నాను? అది మర్చిపోకూడదు.

14 జూన్
మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ, నా వైపు చూడకుండా — "మల్లేశానికి రేపు, శనివారం చెప్పల్లంట. నువ్వేమంటావు?"
తొమ్మిదేళ్లు. ఖఫ్జీ పని ఒప్పుకున్నప్పుడు అడగలేదు. నన్ను ఇక్కడికి పిలిపించినప్పుడూ అడగలేదు, టికెట్ పంపారు. ఇవాళ అడిగారు. అడిగి, జవాబు కోసం అక్కడే నిలబడ్డారు.
రేపటిదాకా టైము ఇమ్మన్నాను. సరేనన్నారు.