వెదురు దువ్వెన పళ్ళు

అమ్మకి,

నీ పెద్దకూతురు సరోజ పాదాలకు మొక్కి రాస్తున్నది. ఇక్కడ ముగ్గురం బాగున్నాం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఫోనులో చెబితే నీకు సగం వినబడదు కాబట్టి రాస్తున్నాను. మరదలి చేత చదివించుకో.

నెల్లిమర్ల వచ్చి రెండు నెలలు దాటింది. మీ అల్లుడికి మిల్లులో పని కుదురుకుంది. ఎండలు పొందూరులో లాగే ఉన్నాయి, నీళ్ళే కాస్త చప్పన. మా గురించి బెంగ పెట్టుకోకు. అయితే పొద్దున్న తొమ్మిదికల్లా ఇంటిపని అయిపోతుంది. తర్వాత నా చేతులకి ఏమీ ఉండదు. మడతపెట్టిన బట్టలే విప్పి మళ్ళీ మడతపెడుతున్నాను. వంటింటి డబ్బాలన్నిటికీ పేర్లు రాసి అంటించాను. అవీ అయిపోయాయి. రాట్నం అక్కడ వదిలి రావడం నా తప్పు.

దాని వల్లే ఇంకో తప్పు చేశాను. మా లావణ్య వాళ్ళకి ఎనిమిదో తరగతిలో శనివారాలు డిజైన్ క్లాసు పెట్టారు. ఇంట్లో ఎవరికైనా ఉన్న ఇబ్బంది చూసి, బొమ్మ గీసి, కొలిచి, దానికి పనికొచ్చే వస్తువు తమ చేతులతో చెయ్యాలి. పత్తి దువ్వే వాలుగ చేప దవడ అరిగిపోయిందని, కొత్తది దొరకడం లేదని నువ్వు అన్నావు కదా. అమ్మమ్మకి వెదురు దువ్వెన చేస్తానంది. మూడుసార్లు పళ్ళు విరిగాయి. నాలుగోది వంకరగా వచ్చింది. శుక్రవారం అది బడికి వెళ్ళాక నేను ఊరుకోలేకపోయాను. కొత్త వెదురు చీల్చి, ఆకురాయితో పళ్ళన్నీ ఒకే ఎత్తుకి అరగదీసి, గుడ్డలో చుట్టి రాత్రి దాని సంచిలో పెట్టేశాను. చెప్పలేదు.

అది క్లాసులోనే విప్పింది. సార్ తిప్పి చూసి, "పళ్ళ మద్దిన ఇంతే సందు ఎందుకు పెట్టినావమ్మా?" అని అడిగారట. ఇది పుస్తకం తెరిచి వెతుక్కుందట. "పుస్తకంలో నువ్వు గీసింది ఇది కాదు. వంకరదైతే ఏటి, నువ్వు సేసిందే పట్టుకురా" అన్నారట.

ఇంటికొచ్చి గోడవైపు తిరిగి కూర్చుంది.

"ఏటే, ఏటయింది?"

"నువ్వు సేసిన పని నానెలాగ సెప్పాలమ్మా? నా వంకరదేదీ?"

"నీళ్ళపొయ్యిలో పెట్టేసినానే."

"అమ్మమ్మకి సేసిస్తానన్నది నాను. నువ్వా?"

నాలుగు రోజులు జడ కూడా తనే వేసుకుని బడికి వెళ్ళింది. వచ్చే శనివారానికి మళ్ళీ చేసి అందరి ముందూ వివరించాలి. నిన్నటి నుంచి వాకిట్లో కూర్చుని చెక్కుతోంది. వేలు తెగింది, చిన్నదే, కంగారు పడకు. రెండో పన్ను లావుగా వస్తోంది. నాకు కనబడుతూనే ఉంది. చేతులు కొంగులో చుట్టుకుని పక్కన కూర్చున్నాను.

ఈ పొద్దున్న అదే అడిగింది. "అమ్మా, అమ్మమ్మ సేప దవడ పట్టుకున్నప్పుడు బొటనవేలు ఎక్కడ పెడతాది?"

వట్టి చేత్తోనే పట్టి చూపించాను. అది తన పుస్తకంలో గీసుకుంది. ఆ తర్వాత కూడా నాకు చెయ్యి దించబుద్ధి కాలేదు.

తమ్ముడు ఇటు వచ్చినప్పుడు నా రాట్నం పంపించు. ఒక సంచి పత్తి కూడా. దువ్వింది వద్దు, దువ్వనిదే పంపు. దువ్వెన నీకు ఇచ్చే ముందు నా చేత దువ్వించి చూస్తుందట. నీ చేతికి వచ్చాక పళ్ళు వంకరగా ఉంటే ఉన్నాయనే దానితో చెప్పు.

నాన్నకి మా దండాలు. తమ్ముణ్ణీ మరదల్నీ అడిగానని చెప్పు. పిల్లని దీవించు, దానితో పాటు నన్నూ.

నీ
సరోజ