నాయిన గుండు

మన్విత నాయినా,

పిల్లకు జ్వరం వచ్చింది. కీమో ఎక్కినంక జ్వరమొస్తే ఒక్క గంట గూడ ఆగొద్దని డాక్టరమ్మ చెప్పింది కదా. నువ్వు నైట్ డ్యూటీల ఉన్నవ్, ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలే. పక్కింటి పాండన్న కార్ల హైదరాబాద్ దవాఖానకు పోతున్నం.

అన్నం మూతపెట్టిన, తిని జరసేపు పండుకో. నిద్ర కండ్లతోని బండేసుకొని హైవే ఎక్కకు, బస్సుకే రా. పాత రిపోర్టుల సంచి బీరువా మీదనే ఉంటది, తీసేతందుకు చెయ్యి ఖాళీ లేదు, పిల్ల నా సంకలనే ఉంది. నువ్వు పట్కరా. కోహీర్ నుంచి మీ అమ్మ ఫోన్ చేస్తే ఉత్త జ్వరమే అని చెప్పు. నువ్వు మాత్రం ఫోన్ల ఏడ్వకు.

పిల్ల జుట్టు ఊడిందని నాకు చెప్పకుండ పోయి గుండు గీయించుకున్నవ్. మీసం గూడ ఉంచలే. నిన్న నల్లా కాడ సంగమ్మక్క "మీ ఇంట్ల ఎవరు పోయిన్రు?" అని అడిగింది. నా పానం ఆడనే పోయింది. బిందె వదిలేసి ఇంటికొచ్చిన. అందుకే నువ్వు డ్యూటీకి పోతుంటే అట్ల తిట్టిన. జుట్టు వచ్చేదాంక గల్లీల కనబడకు అన్న. ఆ మాట మనసుల పెట్టుకోకు.

పాండన్న హారన్ కొడుతున్నడు, పోతున్న.

ఇంకోటి. జ్వరంల గూడ పిల్ల అదే అంటుంది, జుట్టు ముందుగాల ఎవరికొస్తదో నాయినతోని పందెం కట్టిన్నని. బస్సెక్కే ముందు కటింగ్ షాపుకు పో. మళ్ల గీయించుకో. నువ్వు గెలవొద్దు.