రాయ్స్ యాంప్‌కి కొత్త తాడు

సపుల్పా, ఓక్లహోమా
6 మార్చి 1988

ప్రియమైన డోయల్ అన్నయ్యా,

నా దస్తూరీ చూసి కవరు చింపకుండానే పొయ్యిలో వేస్తావేమోనని భయపడుతూ రాస్తున్నాను. నీకు ఉత్తరం రాసి పందొమ్మిదేళ్లయింది. నిన్ను తిట్టడానికి రాయడం లేదు. ఆ పని ఈ ఊళ్లో నా బదులు చాలామంది చేశారు.

నీ మేనకోడలు నేడీన్‌కి ఇరవై నాలుగేళ్లు వచ్చాయి. నువ్వు చూసినప్పుడు ఐదేళ్ల పిల్ల. పగలు బ్యాంకులో గుమస్తా, సాయంత్రాలు మరో ముగ్గురు ఆడపిల్లలతో కలిసి గిటారు వాయిస్తుంది. అచ్చం వాళ్ల నాన్నలాగే ఎడమ కాలు నేలకేసి కొడుతూ పాడుతుంది. నేను పక్కగదిలోకి వెళ్లిపోతాను.

పోయిన ఆదివారం అటక మీంచి వాళ్ల నాన్న రాయ్స్ గిటారుకి మోత పెంచే ఆ యాంప్ పెట్టె దింపింది. నేను చిక్కుళ్లు కడుగుతూ వెనక్కి తిరిగేసరికి ప్లగ్గు పట్టుకుని గోడ దగ్గర వంగి ఉంది. నేను పెట్టిన కేకకి పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది.

"నాన్నది ఇదొక్కటే కదమ్మా మిగిలింది! బాగు చేయిస్తే పోయె. మే నెల జాతరలో దీంతోనే వాయిస్తా," అంది.

వద్దంటే వినే రకం కాదు. టల్సాలో బాగుచేసేవాళ్లు ఉన్నారు, తెలుసు. కానీ దాన్ని నువ్వే విప్పాలి. ఎందుకని మాత్రం అడగకు.

వెర్నా


అమరిల్లో, టెక్సస్
14 మార్చి 1988

ప్రియమైన వెర్నా,

పొయ్యిలో వెయ్యలేదు. మూడు రోజులు బల్ల మీద పెట్టి, పిల్లి పాలగిన్నె చుట్టూ తిరిగినట్టు తిరిగాను. నాలుగో రోజు చింపాను.

అడగకు అన్నావు గానీ అడక్కుండా ఎలా ఉంటాను? బావ అంత్యక్రియలకి వస్తే నన్ను గేటు దాటనివ్వలేదు నువ్వు. "నీ చేతి పనే ఆయన్ని మింగింది, పో!" అన్నావు. నేను వెనక్కి తిరిగి వెళ్లిపోయాను. ఆ వారమే ఆ యాంప్ విప్పింది నేనే కదా.

ఆ కాలపు యాంప్‌లకి రెండు పిన్నుల ప్లగ్గే ఉండేది. మైకుకి పెదవి తగిలి చురుక్కుమంటే ప్లగ్గు పీకి తిరగేసి పెట్టడమే మన పాటగాళ్ల వైద్యం. బావ అయితే పాటకి ముందు గిటారు తీగ మైకుకి తాకించి, నిప్పురవ్వ లేస్తే, "ఇవాళ ఈవిడ కోపంగా ఉందిరోయ్," అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నాకు మాత్రం భయమేసి మూడు పిన్నుల ప్లగ్గున్న కరెంటు తాడు వేశాను. అందులో మూడో పిన్నుకి పోయే ఆకుపచ్చ తీగని లోపలి ఇనుప పెట్టెకి ఎర్త్ చేశాను. ఏ లోపం వచ్చినా కరెంటు ఆ తీగ వెంట పోయి ఫ్యూజు ఎగరాలి తప్ప మనిషి లోంచి పోకూడదు. వారం తిరక్కుండా కాటన్‌వుడ్ హాల్లో, మూడో పాట మధ్యలో, బావ మైకు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే పడిపోయాడు.

టంకం సరిగ్గా పట్టలేదా? బోల్టు వదులైందా? ఇన్నేళ్లుగా రోజూ మనసులో ఆ పెట్టె విప్పి మూస్తూనే ఉన్నాను. మళ్లీ ఎవరి యాంపూ ముట్టుకోలేదు. పొలాల్లో బోరు మోటార్లు బాగుచేసి బతుకుతున్నాను. మోటార్ల ముందు నిలబడి ఎవరూ పాడరు.

టల్సాలోనే చేయించండి. నా చేతులు వణుకుతాయి.

నీ అన్న,
డోయల్


సపుల్పా
21 మార్చి 1988

ప్రియమైన అన్నయ్యా,

నువ్వు ఒప్పుకోకపోయినా పంపేశాను. శుక్రవారం బస్సులో వస్తుంది. పాత దుప్పట్లు చుట్టాను, జాగ్రత్తగా దింపించుకో. చేతులు వణికితే ఒకటి జేబులో పెట్టుకో. కరెంటు పెట్టెలో ఒక చెయ్యే ఉండాలి, రెండోది జేబులో ఉండాలి అని నువ్వే కదా రాయ్స్‌కి పాఠాలు చెప్పేవాడివి.

తాడు, ప్లగ్గు, లోపల, బయట అన్నీ కళ్లారా చూడు. చూసింది చూసినట్టు రాయి. పాత తాడు ప్లగ్గుతో సహా నాకు తిప్పి పంపు.

మావయ్య ఎలా ఉంటాడని నేడీన్ అడిగింది. ఇంట్లో నీ ఫొటో ఒక్కటీ లేదు. ఆ పిల్లకి తెలిసిందల్లా వాళ్ల నాన్న చావుకి నువ్వు కారణమని. అలాగే పెంచాను.

వెర్నా


అమరిల్లో
9 ఏప్రిల్ 1988

ప్రియమైన వెర్నా,

యాంప్ తిరుగు బస్సెక్కింది. మంగళవారానికి అందుతుంది.

వారం రోజులు మూట విప్పలేదు. విప్పాక మాత్రం చేతులు వణకలేదు, అదే నాకు ఆశ్చర్యం. ప్లగ్గు పీకి ఉన్నా లోపల కరెంటు నిలవ ఉంటుంది గనక ముందు దాన్ని దించాను. పందొమ్మిదేళ్లు అటక మీద పడున్నదాంట్లో ఏముంటుందిలే, అయినా అలవాటు.

చూసింది చూసినట్టు రాయమన్నావు. తప్పు నాదే వెర్నా. ఆకుపచ్చ తీగకి నేను పెట్టిన టంకం ఊడిపోయి ఉంది. ఇంకోటి కూడా ఉంది. హోరు తగ్గడానికని కంపెనీ వాళ్లు కరెంటు తీగకీ ఇనుప పెట్టెకీ మధ్య ఒక చిన్న కెపాసిటర్ పెట్టేవాళ్లు. అప్పుడే దాన్ని పీకెయ్యాల్సింది. ఎర్త్ ఉందిలే అని వదిలేశాను. అది లోపల కాలి, పెట్టె మొత్తానికి, అక్కణ్నుంచి గిటారు తీగలకి కరెంటు పాకింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ ఇందులో నాది గంపెడు. బావ తప్పు ఇసుమంత కూడా లేదు. ఈ మాట నేడీన్‌కి తప్పకుండా చెప్పు.

ఇప్పుడు కెపాసిటర్ తీసేశాను. కొత్త తాడు వేసి, లాగినా ఊడకుండా బిగించాను. నల్ల తీగ ముందు ఫ్యూజుకి, తరవాత స్విచ్చికి. ఆకుపచ్చది దేంతోనూ కలపకుండా విడిగా ఒక బోల్టుకి బిగించాను. మిగతా రెంటికన్నా దాన్ని కాస్త పొడుగు ఉంచాను, ఎవరైనా తాడు గుంజితే అది అన్నిటికన్నా ఆఖరున తెగాలని. మీటరు పెట్టి నాలుగుసార్లు చూశాను. మూడు కన్నాల సాకెట్ లేని చోట వాయించవద్దని, ఎవరేం చెప్పినా మూడో పిన్ను జోలికి పోవద్దని పిల్లకి చెప్పు.

పాత తాడు పంపమన్నావు గానీ చెత్తబండిలో వేసేశాను. ఎలుకలు కొరికిన తాడు నీకెందుకు?

క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

నీ అన్న,
డోయల్


సపుల్పా
18 ఏప్రిల్ 1988

ప్రియమైన అన్నయ్యా,

అబద్ధం ఆడటం నీకు చిన్నప్పుడూ చేతకాలేదు, అరవయ్యేళ్లకీ రాలేదు. టంకం ఊడలేదు. ఆ తాడుని ఏ ఎలుకా కొరకలేదు. ప్లగ్గుకి మూడో పిన్ను మొదలంటా కత్తిరించి ఉంది, అది నువ్వు చూశావు. రాయ్సే కత్తిరించాడనుకున్నావు. పోయినవాడి మీదకి మాట రాకూడదని, కూతురు తండ్రిని తప్పుపట్టకూడదని నీ నెత్తిన వేసుకున్నావు.

కత్తిరించింది నేను.

కాటన్‌వుడ్ హాలు గోడలకి రెండు కన్నాల సాకెట్లే ఉన్నాయి. హాలు నిండా జనం, ఈలలు. నేను వాకిట్లో టిక్కెట్లు ఇస్తున్నాను. "వెర్నా, మీ అన్న పెట్టిన ప్లగ్గు ఎక్కడా పట్టట్లేదే!" అని రాయ్స్ వేదిక మీంచి అరిచాడు. వెళ్లి, ఆయన గిటారు తీగలు కత్తిరించుకునే కటింగ్ ప్లేయర్ తీసుకుని పుటుక్కుమనిపించాను. అందరూ చేసేదేగా. పక్క ఊరి వాయిద్యగాళ్ల ప్లగ్గుల్లో సగానికి ఆ పిన్ను ఉండేది కాదు. "మా ఆవిడ దగ్గర లేని మందు లేదు!" అని మైకులో చెప్పాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు షెరీఫ్ వచ్చి, "ఈ వైరింగు ఎవరు చేశారమ్మా?" అన్నాడు. "మా అన్నయ్య," అన్నాను. ప్లగ్గు వంక ఎవరూ చూడలేదు. గేటు దగ్గర నిన్ను తిట్టినప్పుడు కూడా నాకు తెలియదు అన్నయ్యా, ఒట్టు. నెల తరవాత ఇనప సామాన్ల కొట్లో ఒకాయన ఎవరికో చెబుతుంటే విన్నాను, ఆ పిన్ను దేనికో. కొన్న మేకులు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను.

ఆ రోజే నీకు రాయాల్సింది. కాయితం కూడా తీశాను. రాస్తే నేడీన్‌కి నాన్నతో పాటు అమ్మ కూడా పోతుందనిపించింది. తరవాత నువ్వు ఊరొదిలి వెళ్లావని తెలిసింది. నిజం చెబుతున్నాను, హమ్మయ్య అనుకున్నాను.

ఇప్పుడు కూడా నోటితో చెప్పే ధైర్యం లేకే యాంప్ పంపాను. నువ్వు చూస్తావు, నన్ను నాలుగు తిట్టి రాస్తావు, ఆ ఉత్తరం పిల్ల చేతిలో పెడితే సరిపోతుందనుకున్నాను. నీ ఉత్తరం నాకన్నా ముందు నేడీనే చదివింది.

"చూశావా అమ్మా, ఎట్టకేలకి ఒప్పుకున్నాడు," అంది.

ఆ మాట విన్నాక ఇక వల్ల కాలేదు. వంటింట్లో నిలబడి మొత్తం చెప్పేశాను.

అరవలేదు, ఏడవలేదు. "చిన్నప్పుడు ఆయన పంపిన పుట్టినరోజు కార్డులు నాచేతే చింపించావు కదమ్మా," అంది. అంతే. ఆ కార్డులు ఏడు వచ్చాయి అన్నయ్యా. ఏడూ చింపించాను. తరవాత గిటారు, యాంప్ కారులో పెట్టుకుని నీ అడ్రసు రాయించుకుంది. వారం నుంచి స్నేహితురాలి ఇంట్లో ఉంటోంది. నేను ఫోను చేస్తే తియ్యదు. ఈ ఆదివారం నీ దగ్గరికి బయల్దేరుతోందని ఆ స్నేహితురాలే చెప్పింది.

అది ఇక ఈ ఇంటికి రాదేమోనని భయంగా ఉంది. వచ్చి తీరాలని అడిగే హక్కు నాకు లేదు. నా గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. రాయ్స్ కోసం ఆడినట్టు నాకోసం ఒక్క అబద్ధం కూడా ఆడకు. అమ్మతో మాట్లాడమని నచ్చజెప్పకు.

ఉల్లిపాయ పడదు దానికి, కూరలో వెయ్యకు. యాంప్ బరువు, అయినా సాయం అడగదు. కారు ఆగగానే నువ్వే వెళ్లి రెండో పక్క పట్టుకో.

నీ చెల్లెలు,
వెర్నా