కంచెకు అవతలి పిల్లవాడు

ఐరాల,
శుక్రవారం.

చిరంజీవి నిస్సీకి మీ నాయన దీవించి రాయునది. నువ్వూ, అల్లుడూ, నవీనూ బాగుండాలని పొద్దూ మాపూ ప్రార్థన చేస్తున్నాను. ఇక్కడ అందరమూ క్షేమమని రాయాలి. ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ముందు నీ జాబు సంగతి.

సెలవుకు ఊరికొచ్చిన అమల తెచ్చి ఇచ్చింది. ఫోనులో నాకు మాట పెగలదని తెలిసి కాగితం మీద రాశావు, మంచి పని చేశావు. అమల రేపు మళ్లీ మస్కట్‌కు బయలుదేరుతోంది. ఇది ఆమె చేతికే ఇస్తాను.

మీ ఆవరణలో రెండు బడులున్నాయని, ఒకటి ఇంగ్లీషుది, ఒకటి ఫ్రెంచిదని, రెండింటికీ నర్సువు నువ్వొక్కదానివేనని ఇదివరకే రాశావు. ఒకే గేటు, ఒకే క్యాంటీను, ఒకే మైదానం. అప్పుడు చదివి ముచ్చటపడ్డాను. ఇప్పుడేమో, ఒక బడి పిల్లలు మైదానం వదలకముందే రెండో బడి గంట కొడుతుందని, ఆ కాసేపట్లోనే తన్నుకుంటారని రాశావు. ఒకరి తిట్టు ఒకరికి అర్థం కాకపోయినా రాయి అర్థమవుతుంది కదమ్మా.

నవీన్ హాకీ కర్రతో ఆ ఫ్రెంచి బడి పిల్లవాడి ముఖాన కొట్టాడన్నావు. పెదవి చీలి, రెండు పళ్లు ఊడి, నెత్తురు మింగుతూ నీ గదికే వచ్చాడన్నావు. ఎవరు కొట్టారని నువ్వడిగితే కిటికీలోంచి నీ కొడుకునే చూపించాడట. ఆ ముక్క దగ్గర కాగితం పక్కన పెట్టేశాను. అల్లుడు బెల్టుతో నవీన్ వీపు చీరేశాడని కూడా రాశావు. ఇంకోసారి వద్దని చెప్పు. ఇప్పుడు మైదానం నడుమ ఇనుప కంచె వేశారని, నవీన్ రోజూ దాని దగ్గరికి పోయి నిలబడుతున్నాడని, మళ్లీ ఏం చేస్తాడోనని నీ భయం.

"నాయనా, వాణ్ణి నీ దగ్గరికి పంపిస్తాను. నువ్వు ఎవరి మీదా చెయ్యెత్తగా నేను చూడలేదు. నీ పక్కన ఉంటే వాడూ నెమ్మదిస్తాడు" అని అడిగావు.

వాడొస్తే నాకు ఎంత సంతోషమో నీకు తెలుసు. అయినా పంపవద్దమ్మా.

మీ అన్న ఫోను ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. దయానంద్ చిత్తూరు జైల్లో ఉన్నాడు. మనకూ రాజారత్నానికీ ఒకే బోరు కదా. రాజారత్నం మా అన్న కొడుకే అయినా నిన్ను సొంత చెల్లెలిలా భుజాన ఎక్కించుకుని బడికి మోసుకుపోయినవాడు. పొద్దున వచ్చే కరెంటు మనది, మధ్యాహ్నం వచ్చేది వాళ్లది. పోయిన నెల కరెంటు వేళలు మార్చారు. ఎవరి వంతో తేలక వాడూ మీ అన్నా బోరు దగ్గర పట్టుకున్నారు. నేనూ అక్కడే ఉన్నాను.

"నా వంతు నీళ్లురా ఇవి. మీ నాయన ఉలకడు, పలకడు. నీకేమిరా ఇంత పొగరు?" అన్నాడు రాజారత్నం.

"మా నాయన పేరెత్తినావంటే నరికేస్తా."

"నరుకురా, సూస్తా! మూగోడి కొడుక్కి నోరొచ్చిండాది!"

రాజారత్నం మీ అన్నను బురదలోకి తోసి మెడ మీద కాలు పెట్టాడు. మీ అన్న విదిలించుకుని లేచి పార ఎత్తాడు. ఎత్తినవాడు ఆగాడు. నా వైపు చూశాడు. నేను వద్దంటే దించేవాడు.

"ఏసెయ్‌రా!" అన్నాను.

పార అంచు రాజారత్నం కంటి మీద దిగింది. ఎముక పగిలిన చప్పుడు నాకు వినబడింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. కాలవ నీళ్లు ఎర్రగా మన టమాటా చేలోకే పారాయి. తిరుపతి ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు గానీ కన్ను తీసేశారు.

నా మాట సంగతి మీ అన్న పోలీసులకు చెప్పలేదు. రాజారత్నం ఆ పెనుగులాటలో విన్నాడో లేదో తెలియదు. "పాపం, చీమకు కూడా హాని చెయ్యని మనిషి. కొడుకే తలవంపులు తెచ్చినాడు" అంటున్నారు ఊళ్లో. నేను తల వంచుకుని వింటున్నాను.

నిన్న రాజారత్నాన్ని ఇంటికి తెచ్చారు. సాయంత్రం మన దొడ్డికీ వాళ్ల దొడ్డికీ నడుమనున్న ముళ్లకంచె దగ్గర నిలబడ్డాను. వాడి పెళ్లాం రెబెకా చూసింది.

"ఏం మామా, మిగిలిన కన్ను కూడా కావాల్నా?" అంది.

 తిరిగి వచ్చేశాను.

నవీన్ కంచె దగ్గర నిలబడేది కొట్టడానికి కాదమ్మా. ఏం చెప్పాలో తెలియక నిలబడుతున్నాడు. వాడి చెయ్యి పట్టుకుని, గేటు వైపు నుంచి చుట్టి అవతలికి తీసుకుపో. వాళ్ల భాషలో తప్పయిందని ఎలా అనాలో నేర్పించి తీసుకుపో. ఆ పిల్లవాడు ఒక దెబ్బ వేస్తే వేయనీ, నువ్వు అడ్డం పడవద్దు.

ఈ కవరు అమలకిచ్చి, అటునుంచి అటే రాజారత్నం ఇంటికి పోతున్నాను. ఈసారి దొడ్డివైపు కాదు, వాకిట్లోకే. ఏసెయ్యమన్నది నేనేనని చెబుతాను. వాళ్లింట్లోనూ పార ఉంటుంది. అక్కడినుంచి లేచి నడవగలిగితే పోలీసు స్టేషనులో కూడా చెబుతాను.

ఇట్లు,
నీ నాయన,
మునస్వామి