ఎడమ దిక్కు తలుపు

తాండూరు,
12 ఫిబ్రవరి 1961, ఆదివారం.

దోస్తు దేవప్పకు,

యోహాను శనార్తులు. ప్రభువు దయతోని గీడ మేమందరం మంచిగున్నం. నువ్వు, బుగ్గమ్మ వదిన, పిల్లలు పానం మంచిగుండి ఈ జాబు అందుకుంటరని తలుస్తున్న. ఆరేండ్ల సంది ఒక్క ముక్క రాయనోడు గిప్పుడేం రాస్తుండని నీకు కోపమొస్తది. చింపకు. జర ఆఖరిదాంక చదువు.

మన లారీ సంగతి రాస్తున్న. మనిద్దరం కలిసి మిలిటరోళ్ల హర్రాజుల కొన్న లారీయే. తమ్ముడు మత్తయ్య పోయినంక దాన్ని మా ఇంటెనకకు తోలించి వదిలిపెట్టిన, మళ్ల ముట్టలే. సీటు కింద కోళ్లు గుడ్లు పెడుతుండె. మొన్న క్రిస్మస్ అయినంక మా ఇంటామె మార్త లొల్లి పెట్టింది. పాతినుముకన్న అమ్ము, లేకుంటె బాగన్న చెయ్యి, కండ్ల ముందట గట్ల కుళ్లనియ్యకు అన్నది. తాండూరు బండలకు గిరాకి మంచిగున్నది, బాగే చేద్దామనుకున్న.

నెల దినాలు ఉప్పు కాగితం, వైరు బ్రష్షు పట్టుకొని తుప్పు గీకుడే పని. మడ్‌గార్డుల రేకు ఎండిన రొట్టె లెక్క చేతుల్నే ఇరిగింది. కోసేసి కొత్త రేకు అతికిన. నట్లు గ్యాస్‌నూనెల మూడు దినాలు నానినా తిరగలే. చేతుల తుప్పు వాసనకు అమ్మ నన్ను అన్నం కాడ దూరం కూసోమంటది.

పోయిన మంగళారం ఎడమ దిక్కు తలుపు పట్టిన. తలుపు ఆడే బందులు బిగించిన కంబం మీద సుత్తెతోని తట్టిన. ఇనుము మోగలే. మట్టిగోడను కొట్టినట్టు దబ్బుమన్నది. రంగు గీకితె కింద తొర్రలు పూడ్చే లప్పం. లప్పం చెక్కితె లోపల ఇనుమే లేదు, పిడికెడు తుప్పు రాలింది. పైబందు మొలలు ఒట్టి లప్పంల గుచ్చి ఉన్నయి దేవప్పా.

గప్పటి సంది నా తలకాయ పనిచేస్తలేదు. గా లప్పం ఎవరు పెట్టిన్రు? నువ్వు ఒకసారి జహీరాబాద్‌ల రంగు ఏయించినవ్ గదా, గాడ పెట్టిన్రా? లేకుంటె మిలిటరోళ్లే మనకు గట్ల అంటగట్టిన్రా? కొన్ననాడు తలుపు గుంజి చూసి గట్టిగున్నదని నువ్వే అన్నట్టు యాదికున్నది. కాదు, నేనే అన్ననేమో.

ఇంకోటి. అనంతగిరి ఘాట్ మలుపుల, ఎడమ దిక్కు కూసున్న మత్తయ్య లారీల నుంచి పడ్డనాడు, తలుపు దానంతట అదే ఊడిందని నువ్వు ఏడ్సుకుంట చెప్పినవ్. పోలీసోళ్ల ముందు గూడ గదే మాట. నేనేమో దేవప్ప తాగి నడిపిండని అందరి ముందట అరిసిన. నీ నోట్ల కల్లు వాసన వచ్చిందా రాలేదా, గిప్పుడు ఎంత యాది చేసుకున్నా తెలుస్తలేదు. వచ్చిందని బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పిన. గట్ల చెప్పినోనికి యాదికుండాలె గదా? నా మాటకే నీ లైసెన్సు పోయింది. వికారాబాద్ టేషన్ల మూటలు మోస్తున్నవని విన్న.

బుధారం అమ్మ వచ్చి, గట్ల కూసున్నవేందిరా అన్నది. చూపించిన. ఆమె గా తొర్రల వేలు పెట్టి చూసి, అయితె దేవప్ప నిజమే చెప్పిండు గదా అన్నది. మరి గీ పని ఎవరిదిరా అని అడిగింది. తెల్వదన్న. మస్తు సేపు నా మొకమే చూసింది.

నీకేమన్న యాదికున్నదా? ఒక కార్డు ముక్క రాయి. నాకంత గోల్‌మాల్‌గున్నది.

ఇట్లు,
నువ్వు దోస్తన్నా అనకున్నా, నీ
యోహాను.

తా.క. సోమవారం. జాబు కవర్ల పెట్టి మళ్ల తీసిన. పైన నిన్ను అడిగినవన్నీ దొంగ అడుగుడు. గా లప్పం నాదే. నువ్వు కోట్‌పల్లికి పెండ్లికి పోయిన రెండు దినాలల్ల, తలుపు ఊగుతున్నదన్నా అని మత్తయ్యనే నాకు చెప్పిండు. ఇంట్ల రేకు లేకుండె, తెల్లారితె లోడు ఉండె. తొర్రల గుడ్డపేలికలు కుక్కి, లప్పం పెట్టి, రంగేసి, ఇగ గట్టిగున్నది పో అన్న. నీకు చెప్పలే. వారానికి వాడు పడ్డడు. ఆరేండ్లు నేను మరిచిననో, మరిచినట్టు ఉన్ననో, సిలువ సాక్షి, నాకే తెలుస్తలేదు.

పొద్దుగాల అమ్మకు చెప్పిన. తిట్టలే, ఏడ్వలే. చెప్పులు తొడుక్కొని వాకిట్ల నిలవడ్డది. యాడికే అంటె దేవప్ప తానకు అన్నది. నేను గూడ వస్తనంటె వద్దన్నది. అందుకే గీ జాబు పోస్టుల వేస్తలేను, ఆమె చేతికే ఇస్తున్న. గిప్పుడు నీ ముందట కూసున్నదేమో. ఆమెకు చదువు రాదు. గీ ఆఖరి ముక్క పైకి చదువు దేవప్పా. ఆమెకు చెప్పిందీ, నీకు రాసిందీ ఒక్కటేనా అని అమ్మకు తెల్వాలె.