'ర' లేని నెలలు

ఓలెసున్,
సెప్టెంబర్ 14.

అక్క సోల్‌ఫ్రిడ్‌కి,

గున్వర్ నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మర్యాద. క్షేమం కాదు గనక ఆ మర్యాద ఇక్కడితో సరి.

నువ్వు అమ్మే 'దంతబలం' చేపనూనె గుళికల సీసాలు ఈ ఉత్తరంతోపాటే తిప్పి పంపుతున్నాను. అలమర తెరిస్తే చాలు, ఆ చేప కంపుకి ముక్కు మూసుకోవాల్సి వస్తోంది.

మంగళవారం మా పిల్ల సిన్నెకి పళ్ళ ఎక్స్‌రే తీశారు. క్లిప్పులు వేసి రెండేళ్ళయింది కదా, ఇక తీసేస్తారని పిల్ల సంబరపడుతూ వచ్చింది. పైన ముందరి నాలుగు పళ్ళకీ వేర్లు సగం అరిగిపోయాయి. చెక్కి చెక్కి మొండిగా మిగిలిన పెన్సిళ్ళలా ఉన్నాయి. పదిహేనేళ్ళ పిల్లకి, అక్కా. క్లిప్పుల తీగ వెంటనే తీసేశారు. జాగ్రత్తగా ఉంటే చాలా ఏళ్ళు నిలవొచ్చుట గానీ, పోయిన వేరు మళ్ళీ రాదుట.

పళ్ళ డాక్టరమ్మ తూర్డిస్ ముందు గొప్పగా చెప్పాను. పేరులో 'ర' పలికే నెలల్లో అమ్మ మనకి పోసినట్టే చెంచాడు చేపనూనె, 'ర' లేని నాలుగు నెలలూ మా అక్క గుళికలు, ఒక్కరోజూ తప్పలేదు అని. ఆవిడ నవ్వలేదు. చేపనూనె మంచిదేనమ్మా, కానీ తీగ లాగుడుకి అరిగే వేరుని అది కాపాడుతుందని ఎవరూ తేల్చలేదు, కొందరికి అరుగుతుంది, మధ్యమధ్య ఎక్స్‌రేలో చూసుకోవాలి, మే నెలలో చూసుంటే కొన్నాళ్ళు తీగ లాగడం ఆపేదాన్ని అంది.

అప్పుడు నాకు నువ్వే కళ్ళముందు మెదిలావు. ఈస్టర్‌నాడు మా బల్ల దగ్గర గొర్రెమాంసం తిని, వేళ్ళకంటిన కొవ్వు నాకుతూ, ఎక్స్‌రేలెందుకే, బలం లోపల్నించి రావాలి అన్నావు. అది నీ ఒళ్ళో పెరిగిన పిల్ల. దాని నోట్లోనే సరుకు అమ్ముకున్నావు. నీ నవ్వు గుర్తొస్తే వాంతి వస్తోంది. ఇక నా గడప తొక్కకు.

నీకు చెల్లెల్ని అని చెప్పుకోవడానికి రోతపడుతూ,
గున్వర్

తా.క.: కవరు అంటించేలోపు సిన్నె చదివింది. ఎక్స్‌రేలెందుకని పెద్దమ్మ అనలేదే అమ్మా, గుళికలు వేస్తే వెయ్యి గానీ ఎక్స్‌రే మానకు అనే అంది పెద్దమ్మ, 'ర' లేని నెలల్లో డాక్టర్ల మొహం ఎవరు చూస్తారు, సెప్టెంబర్ రానీ అన్నది నువ్వు అని గుర్తుచేసింది.

అవునక్కా. మేలో ఎక్స్‌రేకి రమ్మని ఆసుపత్రివాళ్ళు పంపిన కాగితం చెంచాల సొరుగులో అలాగే ఉంది. నీ గుళికల మీద రోత రోతే. మిగతాదంతా నీ పేరు కొట్టేసి, నా పేరు పెట్టుకుని చదువు.

జూన్‌లో పళ్ళు కదులుతున్నాయమ్మా అంది సిన్నె. నోరు తెరవమని ఒక గుళికకి బదులు రెండు వేశాను. తెరిచింది. నేను పళ్ళకేసి చూడలేదు.