నలభై ఒక్క పొట్టి గీతలు

ముంబయి, తార్‌దేవ్, సేఠ్ ధంజీ బాగ్ అను పార్సీల కాలనీ, రెండో అంతస్తు, ఏడో నంబరు గదిలో ఉంటున్న ఖోర్షెద్ అను నేను, కీర్తిశేషులు జాల్ ఘడియాలీ గారి పెద్ద కుమార్తెను, అవివాహితను, పార్సీని, వయస్సు డెబ్బై ఎనిమిది, నా వెనక మిగిలేవాళ్ళకు తెలియజేయునది ఏమనగా:

నా బుద్ధి సవ్యంగానే ఉంది. డాక్టరు కాగితం జతపరిచాను. అది చాలదనేవాళ్ళు రేవాసాగర్ బ్యాంకు షేరు ఏ తేదీన ఎంతకి మొదలై ఎంతకి ముగిసిందో నన్ను అడగండి, ముప్ఫై ఏళ్ళ ధరలు నోటికి చెబుతాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. పెట్టగలిగిన ఒక్క మనిషి మా అమ్మ, ఆవిడ పోయి పందొమ్మిదేళ్ళయింది. ఇంతకుముందు రాసిన వీలునామాలు రెండూ రద్దు.

1. వకీలు బుర్జోర్ మర్జ్‌బాన్ గారిని అమలుకర్తగా నియమిస్తున్నాను. ఆయన నిదానం మనిషి. నేను పోయాక తొందరేముంది కనక, పరవాలేదు.

2. ఈ గది ట్రస్టుది, నాది కాదు. మా తమ్ముడు నోషీర్ పోయిన నెల వచ్చి కిటికీలకు పరదాల కొలతలు తీసుకుపోయాడు. పాపం, ఆ శ్రమ వృథా.

3. గ్రాఫు కాగితాల చుట్టలు నలభై రెండు. ఫోర్టు పేటలోని షేర్ల బ్రోకరు ఆఫీసులో నా ఉద్యోగం ధరల గీతలు గీయడమే. ఆ రోజు షేరు ఎంత తక్కువకి పోయిందో అక్కడినుంచి ఎంత ఎక్కువకి ఎక్కిందో అక్కడిదాకా నిలువు గీత. ఎడమవైపు చిన్న ముక్క మొదలైన ధర, కుడివైపు ముక్క ముగిసిన ధర. రేవాసాగర్ బ్యాంకులో మా నాన్న హెడ్ క్యాషియరు కాబట్టి దాని గీతలు మాత్రం ఇంట్లో, నా సంతోషానికి గీసుకునేదాన్ని. రోజూ పొద్దున పేపరు, పుదీనా టీ, ఒక గీత. ఈ చుట్టలన్నీ బాగ్ చదువుల గదికి ఇస్తున్నాను. 1994 నాటి చుట్టను మాత్రం గోడకి తగిలించి, దాని పక్కన ఈ కింది నాలుగో అంశాన్ని పెద్ద అక్షరాలతో రాయించి పెట్టవలెను. ఖర్చు నా సొమ్ములోంచి.

4. అసలు సంగతి. ఆ షేరు గీత మామూలుగా నాలుగైదు రూపాయల పొడుగుండేది. ఒకరోజు పైకి, ఒకరోజు కిందికి, దాని దారిన అది ఆడేది. 1994 దీపావళి తర్వాత గీతలు పొట్టివైపోయాయి. పొద్దున అరవై ఒకటి, మధ్యలో అరవై, బజారు మూసేసరికి ఠంచనుగా అరవై రెండు. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, వరసగా నలభై ఒక్క రోజులు! కొనేవాడూ అమ్మేవాడూ నిజంగా ఉన్న షేరు అలా బిగుసుకుపోయి ఉండదు. బ్యాంకు లోపలివాళ్ళే ఎవరో రోజూ సాయంత్రం కొని దాన్ని నిలబెడుతున్నారు. వాళ్ళ చేతిలో డబ్బు అయిపోయిన రోజున అది కూలుతుంది.

జనవరి రెండో తారీకున నోషీర్‌ని పిలిచి ఇది చూపించాను. నాన్న పంచినప్పుడు నాకు ఉద్వాడలో స్థలం, వాడికి రేవాసాగర్ షేర్లు నాలుగు వేల రెండు వందలు వచ్చాయి. "అక్కా, పదిహేను రోజులు నోరు మెదపకు. గోల లేస్తే చిన్నవాళ్ళు నలిగిపోతారు. మన బాగ్‌లో ఎవరి దగ్గరుందో కనుక్కుని వాళ్ళని నేనే మెల్లగా బయటపడేస్తాను" అన్నాడు. చుట్ట కూడా అడిగి పట్టుకెళ్ళాడు. నా తమ్ముడెంత మంచివాడో అని ఆ పూట వాడికి రవ్వ పాయసం చేసి పెట్టాను, నేతిలో జీడిపప్పు వేయించి మరీ.

వాడేం చేశాడో రాస్తున్నాను. ఇల్లిల్లూ తిరిగి నా చుట్ట విప్పి చూపించాడు. "చూడండి, అక్క స్వయంగా గీసింది. అన్ని షేర్లూ గంతులేస్తుంటే ఇదొక్కటి ఎంత నిలకడగా ఉందో! పెన్షనులాంటిది. అక్కే మీకు చెప్పమంది" అని, తన షేర్లన్నీ ముగ్గురు ఆడవాళ్ళకి అరవై రెండుకి అంటగట్టాడు. నేను రోగమని చూపించిన గీతలనే ఆరోగ్యమని చూపించాడు. జనవరి పదిహేడున గీత కాగితం అడుగు దాటిపోయింది, కింద ఇంకో కాగితం అతికించాల్సి వచ్చింది. ఎనిమిది రోజుల్లో పదకొండు రూపాయలకి దిగింది. ఏడాది తిరిగేసరికి బ్యాంకే లేదు.

కింది అంతస్తు ఆలామాయి ఆ చుట్ట తెచ్చి నా గుమ్మంలో పడేసి, "నీ గీతలు చూసే కొన్నానే తల్లీ! నీ చేతులు పడిపోను!" అంది. అప్పుడు తెలిసింది నాకు.

నోరు ఎందుకు విప్పలేదంటారా? అమ్మ నా చెయ్యి పట్టుకుని, అగ్ని సాక్షిగా ఒట్టు వేయించుకుంది, వాడు జైలుకి పోతాడని. అమ్మ పోయాక చెబుదామనుకున్నాను. ఎవరు నమ్ముతారు? నమ్మినా, తెలిసి కూడా పదిహేను రోజులు నేను నోరు మూసుకున్న మాట నిజమే కదా. వాడి తప్పు వాడిది, అది నాది. ఇరవై మూడేళ్ళుగా బాగ్‌లో పెళ్ళికి పిలుపు లేదు, పిల్లల నవ్‌జోత్ వేడుకకి పిలుపు లేదు, మెట్ల మీద ఎదురైతే గోడవైపు తిరుగుతారు. వాడిని మాత్రం ప్రతి విందుకీ పిలుస్తారు, వాడు వెళ్ళి రెండుసార్లు వడ్డించుకుంటాడు.

5. ఉద్వాడ స్థలం అమ్మగా వచ్చిన ముప్ఫై ఒక్క లక్షలు బాండ్లలో ఉన్నాయి. అందులోంచి ఆ షేర్లు కొన్న ముగ్గురికీ, అనగా ఆలామాయికి ఏడు వందల షేర్లకు, నర్సు పెరిన్‌కి పదిహేను వందలకు, చనిపోయిన హిల్లా కొడుక్కి రెండు వేలకు, షేరుకి అరవై రెండు చొప్పున, 1995 నుంచి పోస్టాఫీసు వడ్డీతో ఇవ్వవలెను. ఇది దానం కాదు. దానమని అంటే ఆలామాయి తీసుకోదు.

6. మా అమ్మ కట్టిన చీర, గారా అనే పార్సీ కుట్టుపనిది, ఊదారంగుది, కొంగలు కుట్టినది, ఆలామాయికే. ఒకప్పుడు తన పెళ్ళిరోజుకి ఇది అరువు తీసుకుని కట్టుకుని నాకంటే అందంగా ఉంది. ఆ అసూయ నాకింకా ఉంది, అయినా ఇస్తున్నాను.

7. పైఅంతస్తు రూసీకి దూది ఒక పొట్లం. వాడి రేడియో వాడే విని చావాలి గనక చెవుల్లో పెట్టుకోవడానికి.

8. మిగిలిన యావత్తు సొమ్ము, సుమారు పందొమ్మిది లక్షలు, నా తమ్ముడు నోషీర్‌కి సర్వహక్కులతో చెందును. అవును, వాడికే. ఎంతైనా నేను నడక నేర్పినవాడు.

9. కానీ ఒకటి. మా పార్సీలకు వర్తించే చట్టం ప్రకారం, వీలునామా మీద సాక్షిగా సంతకం పెట్టినవాడికి అందులో రాసిన ఆస్తి దక్కదు. మర్జ్‌బాన్ గారు "బాయీ, ఎవరినైనా పిలవండి, తమ్ముణ్ని మాత్రం సాక్షిగా పిలవకండి" అని మొత్తుకున్నారు. వాడినే పిలుస్తాను. కాగితం చేతిలో పెట్టి చదవమని రెండుసార్లు అడుగుతాను. చదివితే తను చేసింది నా రాతలో చూస్తాడు, సంతకం పెట్టడు, డబ్బూ దక్కుతుంది. నా ముందు ఒక్కసారి తల దించుకుంటే నాకంతకంటే ఏమీ అక్కర్లేదు. చదవకుండా సంతకం పెడితే ఆ పందొమ్మిది లక్షలూ అయిదో అంశంలోని ముగ్గురికీ సమానంగా పోవలెను. సాక్షులిద్దరూ చదివారో లేదో తమ చేత్తో రాయవలెను.

వాడు చదవాలనే నాకుంది. ఈ మాట కూడా వీలునామాలో భాగమే.

ముంబయి, 2018 నవంబరు 12, సోమవారం.

(సం.) ఖోర్షెద్ జాల్ ఘడియాలీ

సాక్షి 1: డాక్టర్ సైరస్ పటేల్. పూర్తిగా చదివాను. ఆమె నా ఎదుట సంతకం చేశారు.

సాక్షి 2: నోషీర్ జాల్ ఘడియాలీ. అక్క నా ఎదుట సంతకం చేసింది. చదవమని రెండుసార్లు అడిగింది. మా అక్క నాకు అన్యాయం చేసే మనిషి కాదు, అందుకని చదవలేదు.